పెరట్లో పొగబండి

ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ మార్చడం వచ్చిన ఏ ఇల్లాలికైనా ఆవిరి ఇంజను అర్థం కావడం పెద్ద కష్టమేం కాదట. ఈ మాట నాది కాదు, మా మామగారిది. గుంతకల్లు లోకోషెడ్డులో ఫిట్టరుగా చేరి, బతుకంతా బొగ్గుమసిలోనూ ఆవిరిలోనూ గడిపి రిటైరైన మనిషి ఆయన. ఆ మాట అన్నప్పుడు నేను నవ్వేశాను. ఇప్పుడు నవ్వడం లేదు. పోయిన ఏడాదిన్నరగా మా పెరట్లో జానెడు పొడవున్న నిజం ఆవిరి ఇంజను ఒకటి పట్టాల మీద తిరుగుతోంది. దాన్ని విప్పి, తుడిచి, బిగించి, మళ్లీ నడిపే పని నాది మరి!

మాది ఇడుపులపాయ. కొండల కింద ఊరు, తెల్లవారితే నెమళ్ల అరుపులు. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే కడపకో ఎర్రగుంట్లకో పోవాలి. మద్రాసు నుంచి వచ్చిన లైనూ బొంబాయి నుంచి వచ్చిన లైనూ రాయచూరు దగ్గర కలిసింది 1871లో. ఆ లైను మన జిల్లా మీదుగానే పోయింది. అయినా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లు తమ ఊళ్లో రైలెక్కింది ఎర్రగుంట్ల - నంద్యాల లైను మీద బండి తిరగడం మొదలైన 2016లో. లెక్క వేసుకోండి, ఎన్ని తరాలు ఎదురుచూశాయో! అలాంటి చోట మా పెరట్లోకి రైలొచ్చిందంటే ఇరుగుపొరుగు గోడెక్కి చూడరూ?

ఇంజను మాకు వచ్చింది మా మరిది చేతిమీదుగా. ఇంగ్లండులో ఉద్యోగం అతనిది. అక్కడ ఒక పెద్దాయన పోతే వాళ్లింటి సామాన్లు అమ్మకానికి పెట్టారట, అందులో కొన్నాడు. గ్యాసూ నూనే ఏమీ లేకుండా ఒట్టి ఇంజనును బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో తెచ్చాడు. "నాయనకు బొమ్మ తెచ్చినా వదినా, ఊరికే ముందర పెట్టుకొని సూసుకుంటాడు" అన్నాడు.

ఎందుకంటే అప్పటికి మామగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. మాట పోలేదు గానీ మాట్లాడ్డం ఆయనే మానేశారు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంటే, దాన్ని మంచం కిందికి దొర్లించేవారు. అత్త లేరు. మావారు పొద్దున పోతే రాత్రికి వస్తారు. ఇంట్లో నేనూ ఆయనా, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ. అక్కాచెల్లెళ్లూ, మంచాన పడ్డ మగమనిషికి సేవ చేసిన వాళ్లకి తెలుస్తుంది ఆ మౌనం ఎంత బరువో.

ఆ బొమ్మను ఆయన ఒళ్లో పెట్టాం. ఎడమచేత్తో చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది బొమ్మ గాదు. పిస్టన్ ఉండాది" అన్నారు. నెలల తర్వాత ఆయన నోట అంత పొడుగు మాట విన్నాను.

కుక్కరూ ఇంజనూ

ఇక కుక్కరు సంగతి. మన కుక్కరులో విజిల్ బరువు లేచేది అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర. ఈ చిన్న ఇంజను బాయిలరులో సేఫ్టీ వాల్వు లేచేది 40 దగ్గర. గుంతకల్లులో మామగారు చూసిన వైపీ ఇంజన్లలో 210! కుక్కరు మూతకి సేఫ్టీ ప్లగ్గు ఉంటుంది కదా, నీళ్లు ఇంకి వేడి మితిమీరితే కరిగి ఆవిరిని వదిలేస్తుంది. పెద్ద ఇంజన్లలోనూ అదే ఏర్పాటు. నిప్పుగూటి కప్పులో సీసం నింపిన ప్లగ్గు ఉంటుంది. బాయిలరులో నీళ్లు తగ్గి కప్పు బయటపడితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి కొట్టి డ్రైవరుని హెచ్చరిస్తుంది. ఇన్నాళ్లూ నేను పప్పు ఉడికించిన వస్తువు రైలింజనుకి చెల్లెలన్నమాట.

మా ఇంజనులో నీళ్లు పట్టేది ఒక టీగ్లాసుడు. రాగి బాయిలరు. దాని మధ్యగా ఒక గొట్టం, ఆ గొట్టంలో గ్యాసు మంట. సిగరెట్ లైటర్లలో నింపే బ్యూటేన్ డబ్బా ఉంటుంది చూడండి, దాంతో చిన్న ట్యాంకు నింపుతాం. పొగగొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టి గ్యాసు మెల్లగా తిప్పితే, 'టప్'మని మంట లోపలికి దిగుతుంది. ఏడెనిమిది నిమిషాల్లో ముల్లు పైకి లేస్తుంది. ఇరవై నిమిషాల పైచిలుకు నడుస్తుంది. గ్యాసు ట్యాంకు కొలత ఎలా పెట్టారంటే, నీళ్లు అయిపోకముందే గ్యాసు అయిపోవాలి. అందుకే బాయిలరు నిండుగా నింపకుండా గ్యాసు పట్టకూడదు. ఇది మాత్రం మా ఇంట్లో శాసనం.

నాకు అన్నిటికంటే ముచ్చటైనది నూనె గిన్నె. ఆవిరి వేడికి మామూలు నూనె నిలవదు, చిక్కటి స్టీమ్ ఆయిలు కావాలి. అది సిలిండరులోకి తనంతట తాను ఎలా పోతుందనుకున్నారు? అడుగున నీళ్లు, పైన నూనె పోసి దీపం పెడతాం చూడండి, అదే కిటుకు. ఆవిరి కొంచెం కొంచెం గిన్నెలోకి వచ్చి చల్లబడి నీళ్లవుతుంది. నీళ్లు బరువు గనక అడుక్కి దిగుతాయి, పైన తేలే నూనెను చుక్కచుక్కగా ఆవిరి గొట్టంలోకి నెడతాయి. ఏ మరా లేదు, ఏ పంపూ లేదు. ఆట అయ్యాక అడుగునున్న నీళ్లు తీసేసి మళ్లీ నూనె పోసుకోవడమే.

మన ఎండ, మన నీళ్లు, మన బండ

పట్టాలు కొనడానికి డబ్బెక్కడిదని అడుగుతారేమో. ఒక కథకి నాకు బహుమతి వచ్చింది. మావారు వాషింగ్ మెషిన్ అన్నారు. మా అమ్మాయి సైకిలంది. నేను పట్టాలు కొన్నాను. రెండ్రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు! బట్టలు ఇప్పటికీ చేత్తోనే ఉతుకుతున్నాను. అది వేరే సంగతి.

ఇంజను గేజి 32 మిల్లీమీటర్లు. అడుగుకి 16 మిల్లీమీటర్ల లెక్కన అది రెండడుగుల గేజి, అంటే సరిగ్గా డార్జిలింగ్ బండి గేజి. వేపచెట్టుకీ కరివేపచెట్టుకీ మధ్య కోడిగుడ్డు ఆకారంలో పదిహేడున్నర మీటర్ల చుట్టు వేశాం. ఇంగ్లండులో పట్టాల కింద కాంక్రీటు పోస్తారట, చెక్క దూలాలు వేస్తారట. మనకా బాధ దేనికి? కడపజిల్లా వాళ్లం, నల్లబండలకి కరువా! గని దగ్గర పక్కన పడేసిన అంచు ముక్కలు ట్రాక్టరులో వేయించుకొచ్చాం. మేస్త్రీ రసమట్టం పెట్టి పరుస్తుంటే మామగారు కుర్చీలోంచి "ఇంగ కొంచెం ఎత్తు... సాలు" అంటూ పని చేయించారు. నేల వాటం ఏమాత్రం తేడాగా ఉన్నా అంత చిన్న ఇంజను ఎక్కలేదు. మనుషులకి తెలియని ఎత్తు చక్రానికి తెలుస్తుంది.

మొదటి వేసవిలోనే పట్టాలు పాములా మెలికలు తిరిగాయి. ఇత్తడి వేడికి సాగుతుంది కదా. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజాము చలికీ, నల్లబండ మీద మే నెల మధ్యాహ్నపు వేడికీ అంతకంటే ఎక్కువే తేడా. అసలు రైళ్లకీ ఇదే గొడవ గనకే పాతకాలపు పట్టాల అతుకుల దగ్గర సందు వదిలేవాళ్లు, ఆ సందుల మీదే 'టకటక'మని చప్పుడు. మేమూ అతుకతుకునా సందు వదిలి, స్క్రూలు కొద్దిగా వదులు చేశాం. ఇప్పుడు మా బండికీ ఆ టకటక వచ్చింది.

నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాచిన గిన్నెకి తెల్లటి పొర కట్టే నీళ్లు మనవి. అవి బాయిలరులో పోస్తే లోపల సున్నం పేరుకుని రాగికి గచ్చు చేసినట్టవుతుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్ కొంటాం. శ్రావణంలో గండి అంజనేయస్వామి తిరనాళ్లప్పుడు మంచి వాన పడితే, శుభ్రమైన గుడ్డలో వడకట్టిన వాననీళ్లు వాడతాం.

గ్యాసుది ఇంకో తమాషా. చలిదేశాల్లో ట్యాంకు చల్లబడి గ్యాసు సరిగా రాక, గోరువెచ్చని నీళ్లలో దాన్ని ఉంచే ఏర్పాటు చేసుకుంటారు. మనకేమో ఎండకి ట్యాంకు కాగి, లోపల ఒత్తిడి పెరిగి, అసలు గ్యాసు ఎక్కనే ఎక్కదు. ఎక్కినా మంట బుసలు కొట్టి ఆరిపోతుంది. ట్యాంకు మీద తడిగుడ్డ వేసి, నీడలో నింపి, పొద్దున ఆరింటికి నడపడమే మార్గం. మార్చి దాటితే ఎనిమిదింటికల్లా పట్టాలు ముట్టుకోలేం.

డిస్నీ భార్య పూలమొక్కలు

ఈ పిచ్చి మాకొక్కళ్లకే పట్టిందనుకునేరు! జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీ 1891లోనే బొమ్మరైళ్ల గేజీలకి నంబర్లు పెట్టి ఒక పద్ధతికి తెచ్చింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ రైళ్లు 1920 నుంచి వచ్చాయి. వానకీ ఎండకీ బయట ఉండే తోటరైళ్లని ఇంటింటికీ అందేలా చేసింది 1968లో జర్మనీలోనే లేమన్ కంపెనీ. మనదేశంలో గ్వాలియర్ సింధియా మహారాజు భోజనాల బల్లమీద అతిథులకి మద్యం, చుట్టలు మోసే వెండి రైలు ఉంది. పుణెలో బి.ఎస్. జోషి గారు జీవితమంతా చేసి పోగేసిన రైళ్లతో 1998లో ఒక మ్యూజియమే పెట్టారు. పిల్లలతో అటు పోతే చూడండి.

నాకు నచ్చిన కథ మాత్రం వాల్ట్ డిస్నీది. ఆయన 1950లో లాస్ ఏంజిలిస్‌లో ఇంటి ఆవరణలో మనుషులు మీదెక్కి కూర్చునే సైజు రైలు వేసుకున్నాడు. భార్య లిలియన్ పూలతోట అడ్డొచ్చింది. ఈయన లాయరు చేత, రైలు దారికి భార్య హక్కు ఇస్తున్నట్టు ఒప్పంద పత్రం రాయించాడు! పూలమొక్కలు చెడకుండా వాటి కిందుగా సొరంగం తవ్వించాడు. ఇంజనుకి లిల్లీ బెల్ అని ఆవిడ పేరే పెట్టాడు. మన మగవాళ్లకి ఈ కథ చెప్పి చూడండి. మావారు విని, "ఇక్కడ తోట నీదే, రైలూ నీదే. ఒప్పందం నేనెవరితో రాసుకునేది?" అన్నారు.

ఆ కథకి తోక ఒకటుంది. 1953లో ఆ బండి పట్టాలు తప్పి, చిమ్మిన ఆవిరి తగిలి ఒక చిన్నపిల్లకి కాలింది. డిస్నీ దాన్ని అంతటితో ఆపేశాడు. అందుకే మా ఇంట్లో ఆవిరి లేచాక పిల్లలకి ముగ్గుతో గీత గీసి ఉంటుంది. ఆ గీత దాటి రాకూడదు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతి వచ్చాకే గ్యాసు తిప్పే అనుమతి ఇచ్చాను, అదీ జడ పైకి ముడి వేసుకుని, నూలు బట్టలు కట్టుకుంటేనే.

మన డార్జిలింగ్ ఇంజన్లంటే ఇంగ్లండు వాళ్లు చెవి కోసుకుంటారు. తోటల్లో నడిపే బుల్లి ఇంజన్లలో ఎన్నో వాటి నమూనాలే. 1889లో తయారైన అసలు డార్జిలింగ్ ఇంజను ఒకటి 1960లలో అమెరికాకి అమ్ముడుపోయి, ఆ తర్వాత ఇంగ్లండు చేరింది. ఏడ్రియన్ షూటర్ అనే రైల్వే పెద్దమనిషి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తన ఇంటి తోటలోనే రెండడుగుల లైను వేసి దాన్ని నడిపాడు. 2022లో ఆయన పోయారు. కొండలెక్కిన మన బండి ఆ దేశపు గులాబీల మధ్య తిరిగిందంటే, మా మామగారు "దానికి ఆడ బొగ్గు మంచిది దొరుకుంటాది లే" అన్నారు. ఆయన దిగులు ఆయనది.

మూడోది కుంటుతాంది

మరమ్మతు పనికి చేతులు నావి, చెవులు మామగారివి. మొదట్లో మా బండి నడుస్తోంది గానీ ఈడ్చుకుంటూ నడిచేది. ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని వింటూ, "మూడోది కుంటుతాంది, ఇనపడతాందా?" అన్నారు. నాకేం వినపడలేదు. రెండు సిలిండర్లు, ఒక్కోదాంట్లో పిస్టనుకి అటూ ఇటూ ఆవిరి పోస్తుంది గనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు 'ఛుక్'లు రావాలి. నాలుగూ సమంగా ఉండాలి. వేళ్ల మీద తాళం వేసి చూపించారు, భజనలో తాళం తప్పినవాణ్ణి పట్టుకున్నట్టు. నెమ్మదిగా నడిపించి పది నిమిషాలు వింటే అప్పుడు దొరికింది నాకు. ఛుక్, ఛుక్, ఛు..., ఛుక్.

విప్పాను. గడియారం రిపేరు చేసేవాడి స్క్రూడ్రైవర్లు, కనుబొమ్మలు పీకే పట్టకారు, ఒక తెల్లపళ్లెం. పళ్లెం ఎందుకంటే, చీమతలంత మేకు కిందపడితే ఇక దొరకదు. ఏ వరసలో విప్పానో ఆ వరసలో ముగ్గుపిండి గళ్లలో పెట్టుకుంటూ పోయాను. సిలిండరు మీద చిన్న పెట్టె. అందులో ముందుకీ వెనక్కీ జరుగుతూ ఆవిరిని ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపే పలక. ఆ పలకని నడిపే బిళ్ల ఇరుసు మీద స్క్రూ వదులై కాస్త జారిపోయింది. అంతే! బిళ్ల సరిచేసి బిగిస్తుంటే ఆయన "గట్టిగ బిగియాకమ్మా, ఇనుము గాదు అది" అని రెండుసార్లు చెప్పారు. ఆ సాయంత్రం నాలుగూ సమంగా పలికాయి. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు, నేను వంటింట్లోకి పోయాను. కొన్నింటిని నిలబడి చూడకూడదు.

ఇంకోసారి ఆవిరి గొట్టం మెడ దగ్గర సన్నగా చీలింది. అగ్గిపుల్లంత రాగి గొట్టం. మామూలు టంకం వేడికి ఆగదు, వెండి టంకం కావాలి. వెల్డింగ్ షాపువాడు చూసి నవ్వి పంపేశాడు. చివరికి దాన్ని పర్సులో వేసుకుని ప్రొద్దుటూరు పోయాను. బంగారం ఊరు కదా! కమ్మలు చేసే ఒక పెద్దాయన వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంట సన్నగా తిప్పి, రెండు నిమిషాల్లో అతికేశాడు. "ఏం నగమ్మా ఇది?" అన్నాడు. రైలుది అంటే నమ్మలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇలాంటి పనిలో చాలా రోగాలకి మందు శుభ్రమే. గ్యాసు వచ్చే రంధ్రం చాలా సన్నం. అందులో మా ఎర్రదుమ్ము ఒక రేణువు పడితే చాలు, మంట నీరసిస్తుంది. సూది పెట్టి గుచ్చితే రంధ్రం పెద్దదై శాశ్వతంగా పాడవుతుంది. విప్పి, వెనకనుంచి గాలి ఊదాలి. చక్రాలకి పట్టిన నూనెజిడ్డు, పట్టాల మీద రాలిన వేపపూత... రోజూ తుడవడమే. అన్నట్టు, ఇళ్లు ఊడ్చే వాళ్లకి ఈ విద్య సగం వచ్చినట్టే, కాదంటారా?

"ఏం వదినా, పొయ్యికాడి ఆవిరి సాలకనా?" అని ఎదురింటావిడ ఎత్తిపొడిచింది. ఆడమనిషి పానా పట్టుకుంటే వింతేమిటో నాకు తెలియదు. 1980ల చివర సురేఖా యాదవ్ రైలింజను ఎక్కినప్పుడూ అలాగే వింతగా చూశారు. ఆవిడ 2023లో వందేభారత్ నడిపారు. ఎదురింటావిడకి ఇది చెప్పలేదు. పిలిచి గ్యాసు తిప్పే పుల్ల చేతికిచ్చాను. మర్నాడు మనవణ్ణి కూడా తీసుకొచ్చింది.

మా ఊళ్లో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది కదా, పల్లెల్లోంచి పదో తరగతి మార్కులతో వచ్చి చదువుకునే పిల్లలు. సంగతి తెలిసి ఒక ఆదివారం నలుగురు ఆడపిల్లలు వచ్చారు. అందులో మెకానికల్ చదివే అమ్మాయి, "తాతా, పుస్తకంలో స్లైడ్ వాల్వు బొమ్మ గీసినాం గానీ కదిలేది ఎప్పుడూ సూడల్యా" అంది. దేశంలో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తోనే ముగిశాయి. ఈ పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. మామగారు పెట్టె మూత తీయించి, చక్రం వేలితో తిప్పిస్తూ గంటన్నర చెప్పారు. గుంతకల్లులో రాత్రి డ్యూటీలు, నిప్పు చల్లారకుండానే బాయిలరులో దూరి పనిచేయడం, సుత్తితో చక్రం కొట్టి చప్పుడుతో బీట పట్టడం. అవన్నీ నాకూ కొత్తే. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కుడిచెయ్యి బాగయిపోయిందని రాయలేను, కాలేదు. బంతి ఇప్పటికీ మంచం కిందే. కానీ నేను నట్టు బిగించేటప్పుడు చక్రం కదలకుండా ఆ చేత్తోనే పట్టుకుంటారు. వేళ్లు వణుకుతాయి, పట్టు మాత్రం వదలరు. డాక్టరుకి చెబితే "అదే చేయించండమ్మా" అన్నారు.

ఈ నెల బండి నడవడం లేదు. బాయిలరుని అప్పుడప్పుడూ పరీక్షించాలి. నిండా చల్లనీళ్లు నింపి, పంపుతో నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే 60 పౌండ్లకి ఎక్కించి, ముల్లు దిగకుండా నిలుస్తుందో లేదో చూడాలి. గాలితో చేయకూడదు. పగిలితే గాలి పేలుతుంది, నీళ్లయితే ఒట్టినే కారిపోతాయి. ఆ చేతిపంపు మరిది తేవాలి. సంక్రాంతికి వస్తానన్నాడు. "టెస్టు గాకుండా నిప్పు పెట్టేది ల్యా" అని మామగారు ఇంజనుని బీరువాలో పెట్టించి, తాళంచెవి తన దిండు కింద పెట్టుకున్నారు. మా అమ్మాయి అప్పుడే రెండుసార్లు అడిగి చూసింది. ఇవ్వలేదు.